వట్టిగా రాకూడని చెంబు

కరీమున్నీసా ఇంట్లో గేదె ఈనిందంటే మొగలిదిబ్బలో పదిహేడు పొయ్యిల మీద జున్ను ఉడకాల్సిందే. ఆ పదిహేడు ఇళ్ళలో ఎవరిది ఏ మతం, ఎవరికి ఎవరితో మాటల్లేవు అనే గొడవలు జున్నుకు పట్టవు. కరీమున్నీసా తలమీద కొంగు లాక్కుని, స్టీలు డబ్బాలూ గిన్నెలూ అరుగు మీద వరసగా పేర్చుకుని పాలు పోస్తుంది. ఏ ఇంట్లో ఎన్ని నోళ్ళున్నాయో ఆమెకు తెలుసు. ఎవరు బెల్లం వేసుకోవాలో ఎవరు చక్కెర వేసుకోవాలో కూడా ఆమే చెబుతుంది, అడిగినా అడక్కపోయినా. అయితే ఆ గిన్నె తిరిగొచ్చేటప్పుడు మాత్రం వట్టిగా రాకూడదు. గుప్పెడు బియ్యమో, బెల్లం ముక్కో, ఏమీ లేకపోతే పెరట్లో మునక్కాయలో వేసి పంపాలి. వట్టి గిన్నె తిరిగొస్తే పొదుగు కూడా వట్టిపోతుందని ఆ వీధి నమ్మకం. నమ్మనివాళ్ళు కూడా ఎందుకైనా మంచిదని నమ్ముతారు.

ఈసారి ఈనింది బేగం. కరీమున్నీసా, ఆమె భర్త బాజీ సాకుతున్న తొమ్మిది గేదెల్లో పేరున్నది దానికొక్కదానికే. తక్కినవన్నీ కొమ్ము వంకరది, తోక తెల్లది, నాయుడుపేటది అనే గుర్తులతో బతికేస్తున్నాయి. బేగం నడిచేటప్పుడు వెనకనుంచి లారీ హారను కొట్టినా పక్కకు జరగదు. జరగాల్సింది లారీ అని దాని ఉద్దేశం. అందుకే ఆ పేరు.

శనివారం పొద్దున పెయ్యదూడ పుట్టింది. ఆదివారానికి బేగం పొదుగు మద్దెలలాగా ఉబ్బింది. కరీమున్నీసా దూడకు తాగించి, బకెట్టు పెట్టుకుని కూర్చుంది. ఒక బకెట్టు నిండింది, రెండోది కూడా నిండుతోంది. పదిహేడు ఇళ్ళకూ సరిపోవాలి, పైగా ఈసారి రొయ్యల గుంటల కామాక్షయ్య ఇంటికి చుట్టాలు దిగారు. వాళ్ళ ముందు చిన్న డబ్బా పంపితే ఏం బాగుంటుంది? పొదుగు పూర్తిగా మెత్తబడేదాకా, ఆఖరి చుక్క దాకా పిండింది. తన పుట్టింటి ఇత్తడి చెంబు నిండా పోసి కామాక్షయ్య ఇంటికి పంపింది. ఆ రోజు ఆమెకు ఎంత గర్వంగా ఉందంటే, రాత్రి అన్నం తినడం కూడా మరిచిపోయింది.

సోమవారం తెల్లవారి కొట్టంలోకి పోయేసరికి బేగం పక్కకు పడిపోయి ఉంది. మెడ డొక్క మీదికి మడుచుకుపోయింది, చెవులు చల్లగా ఉన్నాయి. పిలిస్తే కళ్ళు కూడా కదల్లేదు.

పశువుల డాక్టరు ఉష ఆ రోజు వేరే ఊళ్ళో టీకాల పనిలో ఉండి, దొరవారిసత్రం మీదుగా మొగలిదిబ్బ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. బుచ్చిరెడ్డిపాలెం పిల్ల, ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు, కానీ చెయ్యి మాత్రం గట్టిది. చెవులు పట్టుకు చూసి, మెడ నరంలోకి కాల్షియం ఎక్కించడం మొదలుపెట్టి, బాజీ నీళ్ళకోసం అటు పోయినప్పుడు మెల్లగా అడిగింది.

"నిన్న పాలెంత పిండారమ్మా?"

"మొత్తం పిండినా. ఏం?"

"ఈనిన మొదటి రెండు మూడు రోజులు పొదుగులో సగం పాలు వదిలెయ్యాలి. మొత్తం పిండితే ఒంట్లో ఉన్న సున్నమంతా పాలల్లోకి పోతుంది. కండలు పనిచెయ్యవు, పడిపోతుంది. దీన్ని పాలజ్వరం అంటారు."

"ఇన్నేళ్ళుగా పిండతానే ఉండా. యా బర్రెకీ ఇట్టా కాలేదే?"

"వాటిల్లో ఏదీ ఇన్ని పాలిచ్చి ఉండదు."

కరీమున్నీసా గేదె చల్లటి చెవిని అరచేత్తో రుద్దింది. బాజీ నీళ్ళు తెచ్చాడు. ఆ మాట డాక్టరమ్మకూ ఆమెకూ మధ్యే ఉండిపోయింది. వీధంతా జున్ను తిని మూతి తుడుచుకుంది, దాని మూల్యం ఇక్కడ నేలమీద పడుకుని ఉంది. పిండింది తను.

మందు ఎక్కాక బేగం తల ఎత్తింది, గడ్డి తింది, దూడను నాకింది. లేవడం మాత్రం లేవలేదు. తెల్లవారినుంచి మధ్యాహ్నం దాకా అంత బరువూ ఒకే పక్కన పడి వెనక కాళ్ళు నలిగిపోయాయి. ముందుకాళ్ళు మోపి పైకి తోసుకునేది, వెనక కాళ్ళు జారేవి, దభీమని కూలబడేది. మంగళవారం గడిచింది, బుధవారం గడిచింది. కరీమున్నీసా సముద్రపు ఇసుక తెప్పించి కింద పరుపులాగా పోయించింది. మూడు గంటలకొకసారి ఆమె, బాజీ కలిసి గేదెను పక్కకు తిప్పేవాళ్ళు. వెనక కాళ్ళకు వేడినీళ్ళ కాపడం పెట్టి నువ్వులనూనెతో పిసికేది. బాజీ నడుం పట్టేసింది. అతను చెడ్డవాడు కాదు, అలిసిపోయిన మనిషి. తక్కిన ఎనిమిది గేదెలకు మేత వెయ్యాలి, పొద్దున్నే పాల కేంద్రానికి క్యాన్లు మొయ్యాలి.

గురువారం మధ్యాహ్నం భోజనం ముందు కూర్చుని అతను తల ఎత్తకుండా చెప్పాడు.

"రేపు జుమ్మా నమాజు అయినాక నాయుడుపేట నుంచి బండి వస్తాది. మాటిచ్చినా."

"యా బండి?"

"నీకు తెలీదా ఏంది? పడిపోయిన వాటిని కోతకు తీసకపోయే బండి."

కరీమున్నీసాకు తెలుసు. రెండేళ్ళ కిందట కొమ్ము విరిగిన గేదె ఒకటి ఇలాగే పడిపోతే ఆ బండే వచ్చింది. వెనక కాళ్ళకు తాడు కట్టి, పలకల మీదుగా ఈడ్చి ఎక్కించారు. గేదె తలతిప్పి ఇంటివైపు చూసింది. కరీమున్నీసా వంటింట్లోకి పోయి మిక్సీ వేసింది. రుబ్బడానికి అందులో ఏమీ లేదు. బండి పోయేదాకా వట్టి మిక్సీ తిప్పుతూ నిలబడింది. అప్పుడు నోరు మూసుకున్నందుకు ఈ రెండేళ్ళలో తనను తాను తిట్టుకోని వారం లేదు.

"మాటిచ్చింది నువ్వు, నేను కాదు" అంది.

"నాలుగు దినాలుగా లేవలేదు. ఇంకేం చేస్తావు మే? ఎత్తుకోని తిరుగుతావా?"

"తిరుగుతా. నీకేమన్నా అడ్డమా?"

బాజీ కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

అది చాలదన్నట్టు, టీ అంగట్లో ఎవరో 'వాళ్ళకేంది, కోసుకుని తినేవాళ్ళే గదా' అన్నారని కూడా ఆమె చెవిన పడింది. మాట పడి ఊరుకునే రకం కాదు ఆమె. సరాసరి టీ అంగడికి పోయింది. బెంచీ మీద ఉన్న నలుగురూ గ్లాసులు పట్టుకుని బిగుసుకుపోయారు.

"తింటాం. పండక్కి తింటాం, పెళ్ళికి తింటాం. దాచుకునేదేం లేదు. నా చేత్తో సాకిన బర్రె కాళ్ళు పడిపోయినాయని తాడేసి ఈడ్పించను. ఇంకేమన్నా అడగాల్నా?"

టీ అంగడి ఆయన గబగబా పొయ్యి ఊదడం మొదలుపెట్టాడు, అది గ్యాసు పొయ్యి అయినా సరే.

ఆ సాయంత్రం ఉష మళ్ళీ వచ్చింది. బేగం వెనక కాళ్ళమీద గిల్లి చూసింది. గేదె కాలు చటుక్కున లాక్కుంది.

"నరం బాగుంది. కండలే మొద్దుబారాయి. కానీ ఇంకో రెండు రోజులు ఇలాగే పడుంటే ఆ కండలు చచ్చిపోతాయమ్మా. తర్వాత నేనే కాదు, ఎవరొచ్చినా లేపలేరు."

"ఈ రెండు దినాల్లో ఏం చెయ్యాల? అది చెప్పు."

ఉష కాసేపు తటపటాయించింది. "నేను చదివాను గానీ చెయ్యలేదు. భుజం లోతు నీళ్ళల్లో దించితే దాని బరువు నీళ్ళు మోస్తాయి. కాళ్ళమీద భారం ఉండదు కాబట్టి అవి కదలడం మొదలుపెడతాయి. తల మునగకుండా పట్టుకుని ఐదారు గంటలు ఉంచాలి. ఉప్పునీళ్ళయితే ఇంకా మేలు, బాగా తేలుతుంది. గేదెకు నీళ్ళంటే భయం కూడా ఉండదు. లేస్తుందని మాత్రం నేను మాటివ్వలేను."

"మాట నువ్వెందుకిస్తావు? నేనిస్తా" అంది కరీమున్నీసా.

నీళ్ళు ఎక్కడున్నాయి? ఏప్రిల్ నెల. పులికాట్ సరస్సు ఎండిపోయి మైలు దూరం దాకా బీటలు తీసిన బురదే కనిపిస్తోంది, దాని తర్వాత ఉన్న నీళ్ళు మోకాలికి కూడా రావు. ఊరి గుంటలో కొంగలు నడుస్తున్నాయి. భుజం లోతు నీళ్ళు, అందులోనూ ఉప్పునీళ్ళు, ఊరు మొత్తానికీ ఒక్కచోటే ఉన్నాయి. కొట్టం వెనక, రెండు వందల గజాల దూరంలో, కామాక్షయ్య రొయ్యల గుంట.

కామాక్షయ్య గట్టుమీదే ఉన్నాడు, గాజు గొట్టంలో నీళ్ళు పట్టి వెలుగుకు ఎత్తి చూస్తున్నాడు. విషయం వినగానే ఆయన ముఖం ఊరి గుంటలాగా ఎండిపోయింది.

"ఏం మాట్లాడతుండావు కరీమమ్మా? ఆదివారం రొయ్యపిల్ల వదలాల. బ్లీచింగ్ కొట్టి నీళ్ళు తయారు చేసుకోనుండా. పీత కూడా దూరకుండా చుట్టూ వల కట్టినా, కాకి వాలకుండా పైన తాళ్ళు కట్టినా. అట్టాంటి దాంట్లో బర్రెను దించుతావా?"

"ఒక్క దినం కామాక్షన్నా."

"రెండు పంటలు వైరస్ కొట్టి పోయినాయి. ఇది కూడా పోతే నేను ఊరొదిలి పోవాల్సిందే. నీ బర్రె మీద నాకేం కోపం లేదు తల్లీ. నన్ను అడగొద్దు."

ఆయన చెప్పింది అబద్ధం కాదు. కరీమున్నీసాకూ తెలుసు. కాని కష్టం ఆయనకొక్కడికే ఉన్నట్టు మాట్లాడితే ఆమెకు ఒళ్ళు మండింది.

"సరే. నా చెంబు ఇయ్యి, పోతా."

కామాక్షయ్య ఊపిరి పీల్చుకుని ఇంట్లోకి కేక వేశాడు. ఆయన భార్య చింతపండుతో తళతళా తోమిన ఇత్తడి చెంబు తెచ్చింది. అందులో కొత్త బెల్లం అచ్చు ఉంది. కరీమున్నీసా బెల్లం తీసి ఆమె చేతిలో పెట్టేసింది.

"ఇది నాకొద్దు వదినా. నీ మొగుడు గుంట నీళ్ళు పోసిమ్మను."

కామాక్షయ్య నవ్వి, వంగి చెంబు ముంచబోయాడు. "అంతేగదా, దీనికేం భాగ్యం!"

"ఆ చెంబెడు నాకు చాలదు. నా బర్రె మునిగేన్ని నీళ్ళు కావాల."

నవ్వు ఆగిపోయింది. కరీమున్నీసా చెంబును గట్టుమీద బోర్లించింది.

"వట్టి చెంబు నేను ఇంటికి తీసకపోను. రేపు పొద్దున బర్రెతో వస్తా. నీళ్ళిస్తే సరే. లేదంటే జున్ను తిన్న ఊరంతా చూస్తుండగా, ఈ వట్టి చెంబు నా చేతిలో పెట్టి పంపు."

వెనక్కు తిరిగి చూడకుండా వచ్చేసింది.

శుక్రవారం పొద్దున బాజీ పాల క్యాన్లు దించి వచ్చేసరికి కొట్టానికి తలుపు లేదు. తలుపు నేలమీద ఉంది, దానిమీద గోనెసంచులు, సంచుల మీద ఇంట్లో పరుపు. కరీమున్నీసా వీధి మధ్యలో నిలబడి ఉంది.

"జున్ను తిన్నోళ్ళంతా రాండి!" అని అరిచింది. "బెల్లంతో తిన్నోళ్ళు, చక్కెరతో తిన్నోళ్ళు, మళ్ళీ అడిగి తిన్నోళ్ళు. అందరూ రాండి!"

బతిమలాడినట్టు లేదు ఆ పిలుపు. బాకీ వసూలుకు వచ్చిన దానిలా ఉంది. ముందు ఆడవాళ్ళు వచ్చారు. తర్వాత మగవాళ్ళు వచ్చారు, కొందరు పళ్ళు తోముకుంటూనే. టీ అంగడి బెంచీ మీది నలుగురూ వచ్చి అందరికన్నా వెనక నిలబడ్డారు. పడవల ముత్యాలయ్య మాత్రం పిలవకముందే వచ్చి కూర్చున్నాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, సరస్సుమీద చేపలు పట్టి బతికినవాడు. సరుగుడు దుంగలు, మోకులు, రెండు మడతలు వేసిన పాత వల తెచ్చుకున్నాడు.

"పడవను ఒడ్డుకు ఎక్కించేదెట్టనో దీన్నీ అట్టనే. కింద దుంగలు దొర్లాల. వెనకాల దుంగ ముందుకు రావాల" అన్నాడు. "అరుపులు నేనరుస్తా. మీరు లాగండి."

బాజీ తలుపు లేని కొట్టాన్నీ పెళ్ళాన్నీ మార్చి మార్చి చూశాడు. "నా పరువు తీస్తుండావు" అన్నాడు.

"పరుపు తీసినా, పరువు కాదు. పో, నీ జుమ్మా నువ్వు చూసుకో."

అతను ఏదో గొణుక్కుంటూ స్నానానికి పోయాడు. పదిమంది కలిసి బేగంను తలుపుమీదికి జరిపారు. ముత్యాలయ్య ఐలేసా అన్నాడు, జనం లాగారు, దుంగలు దొర్లాయి. బేగం తల ఎత్తి అటూ ఇటూ చూస్తూ ఊరేగింది. తనను మొయ్యడం జనం పని అన్నట్టే ఉంది దాని ముఖం.

గుంట గట్టుమీద కామాక్షయ్య ఇత్తడి చెంబు పట్టుకుని నిలబడి ఉన్నాడు. వెనక పదిహేడు ఇళ్ళ జనం. ఆయన చెంబు వైపు చూశాడు, గేదె వైపు చూశాడు, నీళ్ళవైపు చూశాడు.

"పేడ వేస్తే?" అన్నాడు చివరికి.

ముత్యాలయ్య పకపకా నవ్వాడు. "పోయినేడు నీళ్ళు పచ్చబడాలని ఈమె కొట్టంలో పేడ తట్టలు తట్టలు మోసి గుంటలో పోస్తివి గదయ్యా! ఇప్పుడు ఇంటికే వచ్చి వేస్తానంటే వద్దంటావా?"

జనం గొల్లుమన్నారు. కామాక్షయ్యకు నవ్వు రాలేదు గాని, చెంబు వట్టిగా ఆమె చేతిలో పెట్టడానికి చెయ్యి కూడా రాలేదు. పక్కకు జరిగాడు. "అందరూ కాళ్ళు మందునీళ్ళల్లో ముంచి దిగండి!" అని అరిచి, ఎర్రటి మందునీళ్ళ తొట్టి తనే లాక్కొచ్చి పెట్టాడు. ఆ కాస్త అధికారం అయినా మిగలాలి కదా.

ట్రాక్టరు దిగే వాలులో తలుపును జార్చి, వల పొట్ట కిందికి తోసి, రెండు పక్కలా వెదురు గడలు కట్టి గేదెను నీళ్ళల్లోకి దించారు. దిగీదిగగానే బేగం తీరిగ్గా పేడ వేసింది. కామాక్షయ్య తల పట్టుకుని గట్టుమీద కూర్చున్నాడు.

నీళ్ళు భుజాల దాకా వచ్చాక ముత్యాలయ్య వల కాస్త వదలమన్నాడు. బేగం ముందుకాళ్ళు ఆడాయి. వెనక భాగం రాయిలాగా కిందికి దిగిపోయి, తల నీళ్ళల్లో మునిగింది. జనం కేకలు పెట్టి మళ్ళీ ఎత్తారు. ముక్కుల్లోంచి నీళ్ళు చిమ్ముతూ బేగం రొప్పింది. గంట తర్వాత మరోసారి వదిలి చూశారు. మళ్ళీ అంతే. ఎండ ఎక్కింది, చేతులు పట్టు తప్పుతున్నాయి. ఎవరో మెల్లగా అన్నారు.

"చాల్లే అక్కా. దాని రాత అంతే."

"రాత కాదు. నా చెయ్యి!"

అది ఎంత గట్టిగా వచ్చిందంటే గట్టుమీద వాళ్ళు కూడా తల తిప్పారు. కరీమున్నీసా గుండె లోతు నీళ్ళల్లో నిలబడి రెండు చేతులూ పైకెత్తి చూపించింది.

"ఈ చేతుల్తోనే పిండినా. సగం వదలాలంట, నాకు తెలీదు. మీ అందరికీ సరిపోవాలని, కామాక్షన్న చుట్టాల ముందు గొప్పగా ఉండాలని ఆఖరి చుక్క దాకా పిండినా. దాని ఒంట్లో సున్నమంతా మీ గిన్నెల్లో పోసినా. పడేసింది నేను. లేపేది కూడా నేనే. పోయేవాళ్ళు పోండి, నేను మాత్రం దీన్ని వదిలి బయటికి రాను."

చెప్పేసి ఏడ్చింది. ఐదు రోజుల ఏడుపు. కానీ చేతులు మాత్రం గేదె గడ్డం కిందికి పోయి తలను పైకి పట్టుకున్నాయి. ముత్యాలయ్య తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకుని మళ్ళీ చుట్టుకున్నాడు.

"నువ్వు పిండితే మేం తిన్నాం గదమ్మే" అన్నాడు. "మా ఇంట్లో గిన్నె నాకి మరీ తిన్నాం. పట్టండ్రా గడలు!"

ఎవరూ పోలేదు. గట్టుమీద కూర్చున్న కామాక్షయ్య కూడా పంచె ఎగ్గట్టాడు, మందునీళ్ళ తొట్టి గుర్తుకు రాకుండానే దిగేశాడు. నలుగురు అలిసిపోతే నలుగురు మారారు. వీధి చివరింటి రెబెక్కమ్మ యేసుకు ప్రార్థన చేస్తూనే గడ పట్టుకుంది, ఒక చేత్తో అందరికీ మజ్జిగ అందించింది. కరీమున్నీసా మాత్రం మారలేదు. బేగం ముక్కు ఆమె చెంపకు తగులుతోంది, వెచ్చటి ఊపిరి మెడమీద పడుతోంది. దాని చెవిలో ఏమేమో చెప్పింది, ఎక్కువగా తిట్లే.

నమాజు అయ్యాక బాజీ వచ్చాడు. తెల్లటి జుబ్బా, తలమీద టోపీ, వెనక నాయుడుపేట బేరగాడు తాడు చుట్ట భుజాన వేసుకుని ఉన్నాడు. గట్టు కింద బండి ఆగి ఉంది. బాజీ నీళ్ళల్లోకి చూశాడు. గుండె దాకా మునిగి, గేదె తలను భుజాన మోస్తూ, పెదాలు తెల్లబడిపోయి వణుకుతున్న భార్యను చూశాడు.

"బయటికి రా మే" అన్నాడు.

"రాను."

బాజీ చెప్పులు విడిచాడు. టోపీ తీసి కామాక్షయ్య భార్య చేతికిచ్చి, జుబ్బాతోనే నీళ్ళల్లోకి దిగాడు. గేదె వెనక్కు పోయి, తుంటి కింద భుజం పెట్టి పైకి తోశాడు. పట్టేసిన నడుం కలుక్కుమంది. అయినా వదల్లేదు. అలా అరగంట నిలబడ్డాడు. ఉన్నట్టుండి "అబ్బా!" అని కెవ్వుమన్నాడు.

"ఏమైందయ్యా?" కరీమున్నీసా బెదిరిపోయింది.

"తొక్కింది! నా కాలు తొక్కింది!" బాజీ నొప్పికి మెలికలు తిరుగుతూనే నవ్వుతున్నాడు. "వెనక కాలు మే! ఎంత బరువు మోపిందో! ఒరే వదలొద్దండ్రా, మోపుతుండాది!"

ముత్యాలయ్య వలను జానెడు వదిలాడు. వెనక భాగం దిగలేదు. ఇంకో జానెడు వదిలాడు. బేగం నీళ్ళల్లో నిలబడి ఉంది, తన కాళ్ళమీద. ఒళ్ళంతా వణుకుతోంది, కానీ నిలబడింది. ఒక అడుగు వేసింది, ఆగింది. మరో అడుగు వేసింది. వాలు ఎక్కుతుంటే నీళ్ళు కొంచెం కొంచెంగా దాన్ని వదిలేశాయి, బరువు మళ్ళీ దానిదైంది. ఒకచోట వెనక కాళ్ళు ముడుచుకుపోయాయి, పదిమంది చేతులు పడ్డాయి, అది ఆ చేతుల్లోంచి తోసుకుని లేచింది. గట్టు ఎక్కి, చెవులు టపటపా కొట్టుకుని, అందరిమీదా బురదనీళ్ళు చిమ్మింది.

బేరగాడు తాడు పట్టుకుని అయోమయంగా చూశాడు. "పడిపోయిన బర్రె అన్నారు. యాడుండాది?"

"అదిగో, నడస్తుండాదే అదే" అంది కరీమున్నీసా. "వస్తాదేమో నువ్వే అడుగు."

అతను అడగలేదు. దారిలో బండి అడ్డంగా ఉంది, బేగం దాని ముందు ఆగి నిలబడింది. పక్కకు జరగలేదు. చివరికి బండే వెనక్కు పోయింది.

కామాక్షయ్య తడి పంచెతో వచ్చి చెంబు అందించాడు. నిండా గుంట నీళ్ళు ఉన్నాయి. "పేడతో కలిపి ఇస్తుండా" అన్నాడు, సగం ఏడుపు ముఖంతో. కరీమున్నీసా రెండు చేతులతో అందుకుంది.

"ఆదివారం నీ రొయ్యపిల్ల దిగేటప్పుడు పిలువన్నా" అంది. "బకెట్లు మొయ్యడానికి పదిహేడు ఇళ్ళూ వస్తాయి. రాకపోతే నేను తీసకొస్తా."

సాయంత్రం ఉష వచ్చి బేగం నిలబడి గడ్డి తినడం చూసింది. కొట్టం గుంజకు ఆనుకుని చాలాసేపు చూసింది. మరో సీసా కాల్షియం ఎక్కించి, వెళ్ళేటప్పుడు ఫోనులో ఫోటో తీసుకుంది.

ఆమె పోయాక కరీమున్నీసా దూడను విడిచి, అది తాగాక బకెట్టు పెట్టుకుని కూర్చుంది. పొదుగు మళ్ళీ నిండి ఉంది. చెయ్యి వేసింది, పాలు సర్రున దిగాయి. కాసేపు పిండి, ఆగి, బకెట్టు పక్కకు తీసింది. వాచిన కాలికి గుడ్డ చుట్టుకుని కూర్చున్న బాజీ వంగి చూశాడు.

"ఇంకా సగం ఉండాది గదే?"

కరీమున్నీసా బేగం డొక్కమీద నుదురు ఆనించి కళ్ళు మూసుకుంది.

"ఉండనీ" అంది. "అది దానిది."